సమాచార హక్కు శిక్షణ లక్ష్యం తప్పకుండా సాగుతున్నదా?

పౌర సమాచార అధికారుల కోర్సుల మూల్యాంకనంపై ప్రత్యేక వ్యాసం

సమాచార హక్కు చట్టం 2005 జూన్ 15న రాష్ట్రపతి ఆమోదం పొంది, అదే సంవత్సరం అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చినది. ప్రజలు కోరిన సమాచారాన్ని అందించే బాధ్యతను ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోని పౌర సమాచార అధికారిపై ఉంచిన శాసనకర్తలు, ఆ అధికారికి తగిన శిక్షణ ఇప్పించే బాధ్యతను 26వ సెక్షన్ ద్వారా ప్రభుత్వాలపై ఉంచారు. లభ్యమయ్యే వనరులకు లోబడి పౌర సమాచార అధికారులకు శిక్షణ ఇవ్వాలనీ, అందుకు అవసరమైన పాఠ్య సామగ్రిని రూపొందించాలనీ ఆ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

ఈ నిర్దేశానికి అనుగుణంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదులోని డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ శిక్షణ తరగతులు నిర్వహించినది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు బాపట్ల కేంద్రంగా వేరొక మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఏర్పడినది. కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ తరఫున హైదరాబాదులోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సును నడిపినది. వీటికి తోడు కలెక్టరేట్ల సమావేశ మందిరాలలో జరిగే ఒక రోజు తరగతులు ఉండనే ఉన్నాయి. ఇటువంటి కార్యక్రమాల గురించి వెలువడే నివేదికలలో సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి: ఎన్ని తరగతులు జరిగాయి, ఎందరు హాజరయ్యారు. శిక్షణ జరిగినదన్న సంగతిని ఈ అంకెలు నిర్ధారిస్తాయి. శిక్షణ పొందిన అధికారి కార్యాలయానికి తిరిగి వెళ్ళిన తరువాత దరఖాస్తుదారునికి పంపే జవాబు మారినదా అన్న ప్రశ్నకు మాత్రం వీటిలో సమాధానం దొరకదు. ఈ కోర్సు విలువను తేల్చవలసినది ఆ జవాబే.

చట్టం నిర్ణయించిన ప్రాధాన్యక్రమం

ఏ కోర్సు అయినా తన ప్రాధాన్యాలకు కట్టుబడి ఉన్నదో లేదో తెలుసుకోవాలంటే ముందుగా ఆ ప్రాధాన్యాలు ఏమిటో స్పష్టంగా ఉండాలి. అనేక ఉద్యోగ శిక్షణలలో ఈ మొదటి మెట్టు వద్దనే చిక్కు వస్తుంది. సమాచార హక్కు శిక్షణకు ఆ ఇబ్బంది లేదు. ప్రాధాన్యాలను, వాటి వరుసను చట్టమే నిర్ణయించినది.

అన్నిటికన్నా ముందు 4వ సెక్షన్ ఉన్నది. సంస్థ స్వరూపం, అధికారుల విధులు, రాయితీ పథకాల అమలు తీరు, లబ్ధిదారుల వివరాలు, పౌర సమాచార అధికారుల పేర్లు, హోదాలు వంటి 17 అంశాలను ఎవరూ అడగకుండానే ప్రచురించాలని 4(1)(బి) చెబుతున్నది. ప్రజలు ఈ చట్టాన్ని ఆశ్రయించవలసిన అవసరం వీలైనంత తగ్గేలా సమాచారాన్ని ముందుగానే అందుబాటులో ఉంచడానికి నిరంతరం ప్రయత్నించాలని 4(2) ఆదేశిస్తున్నది. తరువాత వచ్చే 5, 6, 7 సెక్షన్లు అధికారి రోజువారీ పనికి సంబంధించినవి. దరఖాస్తుదారునికి తగిన సహాయం అందించాలి. నోటితో అడిగినవారి కోరికను లిఖితపూర్వకంగా మార్చడానికి తోడ్పడాలి. కారణం అడగరాదు. సమాచారం వేరొక ప్రభుత్వ సంస్థ వద్ద ఉంటే దరఖాస్తును 5 రోజులలోగా అక్కడికి బదలాయించి, ఆ సంగతిని దరఖాస్తుదారునికి తెలియజేయాలి. 30 రోజులలోగా, వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలోగా జవాబు ఇవ్వాలి. ఇవన్నీ చెప్పిన తరువాతనే 8వ సెక్షన్‌లో మినహాయింపులు వస్తాయి. ఆ వెంటనే 10వ సెక్షన్, మినహాయింపు వర్తించే భాగాన్ని వేరుచేసి మిగిలినది ఇవ్వవచ్చునని చెబుతున్నది. జరిమానాలు విధించే నిబంధన 20వ సెక్షన్‌లో గాని రాదు.

అంటే వెల్లడి సాధారణ నియమం, నిరాకరణ మినహాయింపు. కోర్సు ముగిసేసరికి అధికారికి ఈ క్రమం అలవడాలి.

బోధనా సమయం ఎటు పోతున్నది?

ఒక కోర్సు దారి తప్పుతున్నదని గుర్తించడానికి అతి సులువైన సాధనం దాని సమయసారిణి. ఒక రోజు శిక్షణలో ఐదు గంటల బోధనా సమయం ఉన్నదనుకుంటే, ఏ సెక్షన్‌కు ఎన్ని నిమిషాలు కేటాయించారో ఒక కాగితంపై వేసుకుంటే చాలు. ఉద్ఘాటనలో వెల్లడి గురించి ఎంత చెప్పినా, రోజులో సగభాగం 8, 20 సెక్షన్లకే ఖర్చయినట్లయితే ఆ తరగతి బోధించినది నిరాకరణనూ ఆత్మరక్షణనూ మాత్రమే.

ఈ వైపు ఒరిగిపోవడానికి ఎవరి దురుద్దేశమూ అవసరం లేదు. 20వ సెక్షన్ ప్రకారం జరిమానా రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల వరకు పౌర సమాచార అధికారిపై వ్యక్తిగతంగా పడుతుంది. తన సమంజసమైన ప్రవర్తనను నిరూపించుకునే భారమూ అతనిదే. కనుక తరగతిలో ప్రశ్నలకు అవకాశం ఇచ్చినప్పుడు మొదట లేచే చేయి జరిమానా గురించే అడుగుతుంది, రెండవ చేయి పదే పదే దరఖాస్తులు పెట్టే వ్యక్తి గురించి అడుగుతుంది. బోధకుడు శ్రోతల ఆసక్తిని అనుసరిస్తాడు. తరువాతి తరగతికి ఆ ప్రశ్నలే పాఠ్యాంశాలుగా మారతాయి. నాలుగైదు విడతలు గడిచేసరికి 4వ సెక్షన్ ఉద్ఘాటనోపన్యాసంలోకి, మధ్యాహ్న భోజనానికి ముందు మిగిలే పది నిమిషాలలోకి కుదించుకుపోతుంది. శ్రోతల కోరిక మేరకు మారిన కోర్సు శ్రోతలను సంతృప్తి పరుస్తుంది. అందువలననే ఈ ఒరుగుదల అభిప్రాయ పత్రాలలో కనిపించదు.

అధికారుల భయాన్ని పట్టించుకోనవసరం లేదని దీని అర్థం కాదు. జరిమానా ఎప్పుడు పడుతుందో తెలియని అధికారి అనవసరంగా వెనుకంజ వేస్తాడు. అయితే గడువు పాటించడం, కారణం తెలిపి జవాబివ్వడం, అడిగిన వెంటనే రికార్డు తెప్పించుకోవడం నేర్పితే జరిమానా భయం దానంతటదే తగ్గుతుంది. 20వ సెక్షన్‌ను 7వ సెక్షన్‌లో భాగంగా బోధించే పద్ధతి ఈ కారణంగానే మేలైనది.

అభిప్రాయ పత్రం చెప్పనిది

శిక్షణ మూల్యాంకనానికి ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతిని అమెరికాకు చెందిన ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రకటించిన వ్యాసాలలో ప్రతిపాదించారు. అందులో నాలుగు మెట్లు ఉన్నాయి: శిక్షణ పొందినవారికి అది నచ్చినదా, వారు ఏమైనా నేర్చుకున్నారా, నేర్చుకున్నది పనిలో పాటిస్తున్నారా, దానివలన సంస్థ ఆశించిన ఫలితం వచ్చినదా. పైకి వెళ్ళేకొద్దీ సమాచార సేకరణ కష్టమవుతుంది. అందుచేత అధిక భాగం మూల్యాంకనాలు మొదటి మెట్టు వద్దనే ఆగిపోతాయి.

తరగతి చివర పంచే అభిప్రాయ పత్రం ఈ మొదటి మెట్టుకు చెందినది. బోధన బాగున్నదా, భోజన వసతి ఎలా ఉన్నది, సమయపాలన జరిగినదా అన్న ప్రశ్నలకు ఐదు మార్కుల లెక్కన సమాధానాలు వస్తాయి. బస్సు వేళ దగ్గరపడుతుండగా నింపే పత్రంలో నాలుగుకు తక్కువ వేసేవారు అరుదు. సభా మందిరంలో మైకు సరిగా వినిపించలేదన్న సంగతి తెలుసుకోవడానికి ఈ పత్రం పనికివస్తుంది. అంతకుమించిన నిర్ణయాలకు దానిని ఆధారంగా తీసుకోరాదు.

రెండవ మెట్టులో పరీక్ష ఉంటుంది. తరగతికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి అదే స్థాయి ప్రశ్నలు ఇచ్చి తేడాను చూస్తారు. ఇక్కడ ప్రశ్నల స్వభావమే కీలకం. మొదటి అప్పీలుకు గడువెంత, జరిమానా గరిష్ఠ పరిమితి ఎంత అని అడిగితే జ్ఞాపకశక్తి బయటపడుతుంది. ఆ అంకెలు చట్టప్రతిలో ఎప్పుడైనా చూసుకోవచ్చు. అధికారికి కావలసిన నేర్పు వేరు: చేతికి వచ్చిన దరఖాస్తును చదివి, అందులోని ఒక్కొక్క అంశాన్ని దేనికి దానిగా విడదీసి, నిర్ణయించి, జవాబు రాయగలగడం. పరీక్షలో ఆ పనినే చేయించాలి.

ఒక దరఖాస్తు, నాలుగు అంశాలు

ఉదాహరణకు ఈ ఊహాజనిత దరఖాస్తును తీసుకోవచ్చు. వితంతు పింఛను మంజూరు కాని ఒక మహిళ మండల పరిషత్ అభివృద్ధి అధికారి కార్యాలయానికి దరఖాస్తు చేసినదనుకుందాం. తాను దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్లు ఆధారం జతపరచినది, రుసుము చెల్లించలేదు. ఆమె అడిగినవి నాలుగు. తన పింఛను అర్జీ ఏ ఉద్యోగి వద్ద ఎన్ని రోజులు ఉన్నది? ఆ నెలలో మండలంలో కొత్తగా పింఛను మంజూరైన వారి జాబితా ఏది? తన అర్జీని ఎందుకు తిరస్కరించారు? తన రేషను కార్డులో పేరు తొలగింపుకు సంబంధించిన కాగితాల ప్రతులు ఇస్తారా?

శిక్షణ ఫలించిన అధికారి ముందుగా రుసుము కోసం దరఖాస్తును తిప్పి పంపడు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారి వద్ద రుసుము వసూలు చేయరాదని 7(5) చెబుతున్నది. మొదటి అంశానికి అర్జీ నడిచిన ఫైలు నోటు పుటలు, స్వీకృతి, పంపిణీ రిజిస్టరులోని నమోదుల ప్రతులు ఇస్తే సరిపోతుంది. రెండవ అంశం అసలు దరఖాస్తు వరకు రావలసినదే కాదు. రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలు 4(1)(బి) కింద ముందే ప్రచురించవలసిన వాటిలో ఉన్నాయి. జాబితాలో బ్యాంకు ఖాతా సంఖ్యలు, ఆధార్ సంఖ్యలు ఉంటే ఆ గడులను కప్పి మిగిలినది ఇవ్వాలి. ఆ రెండు గడుల కారణంగా మొత్తం జాబితాను నిరాకరించడం 10వ సెక్షన్‌ను మరచిపోవడమే.

మూడవ అంశం వద్ద చాలామంది తడబడతారు. ‘ఎందుకు’ అన్న ప్రశ్న సమాచారం కిందికి రాదని ఒక వాక్యంలో జవాబు పంపే అలవాటు కార్యాలయాలలో ఉన్నది. రికార్డులో లేని వివరణను అధికారి కొత్తగా సృష్టించి ఇవ్వనవసరం లేదన్నది నిజమే. సుప్రీంకోర్టు 2011లో కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో ఆ సంగతి స్పష్టం చేసినది. అదే తీర్పులో, మూల్యాంకనం చేసిన జవాబు పత్రాలను చూసే హక్కు పరీక్ష రాసిన అభ్యర్థికి ఉన్నదని కూడా చెప్పినది. తరగతులలో మొదటి సగం తరచుగా వినిపిస్తుంది, రెండవ సగం తక్కువగా వినిపిస్తుంది. పింఛను విషయంలో తిరస్కరణకు కారణం ఫైలులో రాసి ఉంటే దాని ప్రతి ఇవ్వాలి. ఆపైన, పరిపాలనా నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలియజేయాలని 4(1)(డి) ప్రభుత్వ సంస్థకు విధి నిర్దేశించినది. ఫైలులో కారణమే రాయకపోతే ఆ లోపం దరఖాస్తుదారునిది కాదు.

నాలుగవ అంశం రెవెన్యూ, పౌర సరఫరాల రికార్డులకు సంబంధించినది. ఆ భాగాన్ని 5 రోజులలోగా సంబంధిత కార్యాలయానికి బదలాయించి ఆమెకు తెలియజేయాలి. ‘మా కార్యాలయానికి సంబంధించినది కాదు’ అని 29వ రోజున జవాబు పంపితే గడువు లోపలనే జవాబిచ్చినట్లు లెక్కలో చూపవచ్చు గాని, అది చట్టాన్ని పాటించినట్లు కాదు.

ఇటువంటి దరఖాస్తుకు తరగతికి ముందు ఒక జవాబు, తరువాత ఒక జవాబు రాయించి, పేర్లు కనిపించకుండా రెండింటినీ వేరొకరిచేత దిద్దించినట్లయితే కోర్సు దేనిని నేర్పినదో తేలిపోతుంది. జవాబులలో 8వ సెక్షన్ ప్రస్తావన పెరిగి, ఇచ్చిన కాగితాల సంఖ్య తగ్గితే ఆ తరగతి తన లక్ష్యానికి విరుద్ధంగా పనిచేసినట్లు భావించాలి.

రిజిస్టరే సాక్ష్యం

మూడవ మెట్టుకు, అంటే పనిలో మార్పును కొలవడానికి, ఇతర శాఖలలో ప్రత్యేక సర్వేలు అవసరమవుతాయి. సమాచార హక్కు విషయంలో సాక్ష్యం కార్యాలయంలోనే సిద్ధంగా ఉంటుంది. ప్రతి దరఖాస్తు ఒక తేదీన రిజిస్టరులో చేరుతుంది, ప్రతి జవాబు ఒక తేదీన వెలుపలికి వెళుతుంది, దాని ప్రతి ఫైలులో నిలుస్తుంది. శిక్షణకు ముందు మూడు నెలల జవాబులలో ఒక ఇరవైని, శిక్షణ తరువాత ఆరవ నెల నుంచి మరొక ఇరవైని వరుస తప్పకుండా తీసి పక్కపక్కన పెట్టి చదవడం ఒక అధికారికి ఒక పూట పని. శిక్షణ ముగిసిన మరుసటి వారంలోనే ఈ పరిశీలన జరిపితే తాత్కాలిక ఉత్సాహం కనిపిస్తుంది కనుక ఆరు నెలల వ్యవధి అవసరం.

ఆ జవాబులలో ముఖ్యంగా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. నిరాకరించినప్పుడు కారణం, అప్పీలు చేసుకునే గడువు, అప్పీలు అధికారి వివరాలు తెలపాలని 7(8) విధిస్తున్నది. కారణంగా ఒక సెక్షన్ సంఖ్యను మాత్రమే ఉటంకించి వదిలేశారా, లేక ఆ సెక్షన్ ఈ కాగితానికి ఎలా వర్తిస్తుందో ఒక్క వాక్యమైనా రాశారా? నకళ్ళ ఖర్చు అడిగిన లేఖ ఏ తేదీన వెళ్ళినది? గడువు చివరి రోజులలో ఖర్చు అడగడం జాప్యానికి ఒక మార్గంగా మారిన కార్యాలయాలు ఉంటాయి. గడువు దాటిన తరువాత ఇచ్చిన సమాచారానికి 7(6) ప్రకారం డబ్బు తీసుకోకుండా ఇచ్చారా? జవాబు దరఖాస్తుదారునికి అర్థమయ్యే తెలుగులో ఉన్నదా అన్న ప్రశ్నను కూడా చేర్చడం మంచిది. తెలుగులో అడిగిన గ్రామస్థునికి ఆంగ్లంలో ఒక పేరా జవాబు పంపడం సమాచారం ఇచ్చినట్లు లెక్కలోకి రావచ్చు గాని అతనికి ఉపయోగపడదు.

ఫలితాలకు సంబంధించిన అంకెలు 25వ సెక్షన్ కింద తయారయ్యే వార్షిక నివేదికలలో లభిస్తాయి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నిటిని ఏ నిబంధన కింద నిరాకరించారు, ఎన్ని అప్పీళ్ళు సమాచార కమిషన్‌కు వెళ్ళాయి, వాటి పర్యవసానం ఏమిటి అన్న వివరాలను ఆ నివేదికలో పొందుపరచాలని చట్టం చెబుతున్నది. నిబంధనల వారీగా నిరాకరణల పట్టికను శిక్షణ సంస్థలు తమ పాఠ్యప్రణాళికకు ఆధారంగా తీసుకోవడం ఎంతైనా ఉచితం. ఒక శాఖలో ఒకే నిబంధన కింద నిరాకరణలు పెరుగుతున్నట్లయితే ఆ శాఖ అధికారులకు కావలసిన పాఠం ఏదో వేరే అధ్యయనం లేకుండానే తెలుస్తుంది.

ఈ అంకెలను చదవడంలో జాగ్రత్త అవసరం. అప్పీళ్ళు పెరిగితే శిక్షణ విఫలమైనదని వెంటనే నిర్ణయించరాదు. జవాబులో అప్పీలు అధికారి వివరాలు సరిగా రాయడం మొదలుపెట్టిన కార్యాలయం నుంచి అప్పీళ్ళు పెరగడం సహజం. దరఖాస్తులు తగ్గడానికి రెండు పరస్పర విరుద్ధ కారణాలు ఉండవచ్చు: సమాచారం ముందే ప్రచురితమై ఉండవచ్చు, లేదా ప్రజలు విసిగి మానుకుని ఉండవచ్చు. అదే కాలంలో 4(1)(బి) వివరాలను కార్యాలయం నవీకరించినదో లేదో చూస్తే ఏ కారణమో తేలుతుంది. జరిమానాల సంఖ్య కమిషన్ ఎన్ని కేసులను ఎంత వేగంగా పరిష్కరించినదన్న దానిపై ఆధారపడి ఉంటుంది కనుక దానిని శిక్షణకు కొలమానంగా తీసుకోవడం ఏ విధంగానూ సరికాదు.

శిక్షణతో నయం కాని లోపాలు కూడా ఉన్నాయి. రికార్డు గదిలో ఫైళ్ళు వరుసలో లేనప్పుడు, ఉన్న ఇద్దరు సహాయకులలో ఒకరిని ఎన్నికల పనికి పంపినప్పుడు, ఎంత బాగా నేర్చుకున్న అధికారి అయినా గడువు తప్పుతాడు. మూల్యాంకన నివేదిక ఈ రెండు రకాల లోపాలను వేరుచేసి చూపాలి. లేనిపక్షంలో ఫైలు దొరకక ఆలస్యమైన ప్రతిసారీ మరొక శిక్షణ తరగతి ఏర్పాటవుతుంది, ఫైలు మాత్రం దొరకదు.

తరగతిలో కూర్చున్నది ఎవరు?

కోర్సు ఎంత పటిష్ఠంగా ఉన్నా, కూర్చోవలసినవారు కూర్చోకపోతే ఫలితం ఉండదు. ఆదేశం పౌర సమాచార అధికారి పేరిట వస్తుంది. ఆ రోజు వీలైనవారు తరగతికి వెళతారు. శిక్షణ పొందిన అధికారి కొద్ది నెలలకు బదిలీ అవుతాడు. హాజరు పట్టికలో ఆ కార్యాలయం శిక్షణ పొందినట్లే మిగులుతుంది. అందుచేత ఎందరికి శిక్షణ ఇచ్చామన్న లెక్కకు బదులు, నేడు పౌర సమాచార అధికారులుగా పనిచేస్తున్న వారిలో ఎందరు శిక్షణ పొందారన్న లెక్క తీయాలి. ఈ రెండు లెక్కల మధ్య వ్యత్యాసం ఎంత పెద్దదైతే కోర్సు అంత వృథా అవుతున్నట్లు.

5వ సెక్షన్‌లోని 4, 5 ఉపసెక్షన్లు ఈ సందర్భంలో గమనార్హం. పౌర సమాచార అధికారి ఏ ఇతర ఉద్యోగి సహాయం కోరితే ఆ ఉద్యోగి సహకరించాలి. ఉల్లంఘన జరిగినప్పుడు ఆ ఉద్యోగినే పౌర సమాచార అధికారిగా పరిగణిస్తారు. రికార్డు అసిస్టెంటు, విభాగపు సూపరింటెండెంటు, క్షేత్రస్థాయి ఇంజనీరు ఈ నిర్వచనంలోకి వస్తారు. వారిని శిక్షణకు పిలిచే కోర్సులు తక్కువ.

జిల్లాలు, గ్రామవ్యవస్థలు మారినప్పుడు ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాలు ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ప్రతి మార్పుతోనూ పౌర సమాచార అధికారులు, అప్పీలు అధికారులు, రికార్డులు ఉండే చోట్లు మారాయి. మారిన వ్యవస్థలో ఏ ఫైలు ఎవరి వద్ద ఉన్నదో చెప్పని శిక్షణ, దరఖాస్తు బదలాయింపు అన్న పాఠాన్ని సగమే చెప్పినట్లు.

రుసుము విషయంలోనూ స్థానిక నిబంధనలు ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలో దరఖాస్తు రుసుము 10 రూపాయలు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2005 అక్టోబరులో జారీచేసిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, మిగిలిన కార్యాలయాలలో 10 రూపాయలు. కేంద్ర పాఠ్య సామగ్రిని ఉన్నది ఉన్నట్లు అనువదించి పంచిపెడితే పంచాయతీ కార్యదర్శి గ్రామస్థుని వద్ద 10 రూపాయలు అడుగుతాడు.

చట్టం మారినప్పుడు

పాఠ్య సామగ్రి తాజాగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉన్నది. మొదటి పుటలో ‘జమ్మూ కాశ్మీర్ మినహా భారతదేశమంతటికీ వర్తిస్తుంది’ అన్న వాక్యం ఇంకా కనిపిస్తే ఆ పుస్తకం 2019 అక్టోబరు 31 తరువాత ఎవరి చేతా సవరింపబడలేదని గ్రహించవచ్చు. ఆ లోపం వలన మండల కార్యాలయంలో ఎవరికీ నష్టం లేదు గాని, మిగతా పుటల సంగతి కూడా అంతేనని అది సూచిస్తుంది.

2019లో చట్టానికి జరిగిన సవరణ సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతభత్యాలకు సంబంధించినది. పౌర సమాచార అధికారి రోజువారీ పనిలో అది ఏ మార్పూ తీసుకురాలేదు. దానికి తరగతిలో అరగంట కేటాయించడం అనవసరం. 8(1)(జె)లో వచ్చిన మార్పు అటువంటిది కాదు. వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన ఈ నిబంధన తొలుత కొన్ని షరతులతో ఉండేది: ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిదై ఉండాలి, లేదా వ్యక్తి ఏకాంతంలోకి అనుచితంగా చొరబడేదై ఉండాలి, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చు. ప్రభుత్వోద్యోగుల మెమోలు, ఆస్తుల ప్రకటనల వంటివి ఈ నిబంధన కిందికి వస్తాయని గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు కూడా విస్తృత ప్రజాప్రయోజనం అన్న ద్వారం తెరచే ఉన్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 44(3) సెక్షన్ ద్వారా ఆ షరతులను నిబంధన నుంచి తొలగించినది. ఈ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చినది.

ఇప్పుడు ఆ నిబంధనను మాత్రమే చదివిన అధికారి పేరు కనిపించిన ప్రతి కాగితాన్నీ నిరాకరించే అవకాశం ఉన్నది. పింఛను జాబితా, ఉపాధి హామీ హాజరు పట్టిక, కాంట్రాక్టరు బిల్లు అన్నిటిలోనూ పేర్లు ఉంటాయి. అయితే 8(2) సెక్షన్ అలాగే ఉన్నది. రక్షింపదగిన ప్రయోజనాలకు కలిగే హాని కంటే వెల్లడిలోని ప్రజాప్రయోజనం ఎక్కువైతే, మినహాయింపు ఉన్నప్పటికీ సమాచారం ఇవ్వవచ్చునని అది చెబుతున్నది. 4(1)(బి)లో లబ్ధిదారుల వివరాల ప్రచురణ బాధ్యత కూడా అలాగే ఉన్నది. నిరాకరణ సమర్థనీయమని నిరూపించే భారం అప్పీలులో అధికారిపైనే ఉంటుందని 19(5) చెబుతున్నది. సవరించిన వాక్యంతోపాటు ఈ మూడింటినీ కలిపి బోధిస్తున్నారా అన్నది ప్రస్తుతం ఏ కోర్సు మూల్యాంకనంలోనైనా మొదటి ప్రశ్నగా ఉండదగినది. సవరణ అమలుకు ముందు ఆరు నెలలలో, తరువాత ఆరు నెలలలో 8(1)(జె) కింద వచ్చిన నిరాకరణల సంఖ్యలను పోల్చి చూస్తే శిక్షణ ఈ విషయంలో నిలబడినదో లేదో బయటపడుతుంది.

మూల్యాంకనం ఎవరు చేయాలి?

బోధించినవారే ఫలితాన్ని కొలిస్తే హాజరు, సంతృప్తి అంకెలకే నివేదిక పరిమితమయ్యే ప్రమాదం ఉన్నది. 2012 నాటి జాతీయ శిక్షణ విధానం ప్రతి మంత్రిత్వ శాఖలోనూ శిక్షణ వ్యవహారాలకు ఒక మేనేజరు ఉండాలనీ, జీతాల బడ్జెటులో కనీసం 2.5 శాతం శిక్షణకు కేటాయించాలనీ సూచించినది. 2020 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మిషన్ కర్మయోగి, ఉద్యోగి నిర్వహించే పాత్రకు కావలసిన సామర్థ్యాలను ఆధారంగా చేసుకుని శిక్షణను రూపొందించాలన్న సూత్రంపై నిర్మితమైనది. ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసినట్లు వచ్చే ధ్రువపత్రం కూడా పైన చెప్పిన మొదటి రెండు మెట్లకు చెందినదే. కనుక జవాబుల పరిశీలన అవసరం తీరిపోలేదు.

సమాచార కమిషన్‌కు ఈ విషయంలో చట్టం ఇచ్చిన అధికారం అంతగా ప్రచారంలో లేదు. అప్పీలుపై నిర్ణయం వెలువరించేటప్పుడు, అధికారులకు సమాచార హక్కుపై శిక్షణను పెంపొందించవలసినదిగా ప్రభుత్వ సంస్థను ఆదేశించే అధికారం 19(8)(ఏ) కింద కమిషన్‌కు ఉన్నది. తప్పు ఎక్కడ పదే పదే జరుగుతున్నదో అప్పీళ్ళను విచారించే కమిషన్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కమిషన్ ఉత్తర్వులలో తరచుగా కనిపించే లోపాల పట్టిక శిక్షణ సంస్థకు ఏటా అందే ఏర్పాటు ఉంటే, పాఠ్యప్రణాళిక సవరణకు అంతకంటే మంచి ఆధారం ఉండదు.

పాత్రికేయులకు కూడా ఇందులో పని ఉన్నది. ప్రభుత్వ శిక్షణ సంస్థ స్వయంగా ఈ చట్టం పరిధిలోని ప్రభుత్వ సంస్థ. గత మూడు సంవత్సరాల సమయసారిణులు, పంపిణీ చేసిన పాఠ్య సామగ్రి, శిక్షణకు ముందు, తరువాత నిర్వహించిన పరీక్షల సగటు మార్కులు, ఆరు నెలల తరువాత జరిపిన పరిశీలన ఏదైనా ఉంటే దాని నివేదిక ఆ సంస్థ నుంచి కోరవచ్చు. జిల్లాలో ప్రస్తుతం పనిచేస్తున్న పౌర సమాచార అధికారుల జాబితాను, శిక్షణ పొందినవారి హాజరు పట్టికలను కూడా కోరి రెండింటినీ సరిపోల్చుకోవచ్చు. 2005 నాటి నిబంధనల ప్రకారం రాష్ట్రస్థాయి సంస్థకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, ఏ4 పరిమాణపు నకలుకు పుటకు 2 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.